గడియకుడుక నుండి గడియారమునకు

వస్తువు మాఱినను దాని పేరు మాఱకుండుట భాషాచరిత్రమున సామాన్యము. గడియారము అను మాట యట్టివానిలో నొకటి. ఘటిక యనఁగా చిన్నకుండ. నీటఁ దేలి, నిండి, మునుఁగు ఆ చిన్నపాత్ర కొలిచిన కాలమునకే సంస్కృతమున ఘటిక యనియు, తెలుఁగున గడియ యనియు పేరు గలిగినది. గడియను తెలుపునది గడియారమైనది. ఘటిక నిండినపుడు లోహపుఁబలకను మ్రోయించుటచేత ఘంటాశబ్దమునుండి పుట్టిన గంట యను పదము క్రమముగా వాద్యమును విడిచి కాలమును బోధింపసాగినది. జాము యామశబ్దభవము. నేఁడు గోడమీఁది యంత్రమును గడియార మనువాఁడు తనకుఁ దెలియకయే కుండను పేర్కొనుచున్నాఁడు. పది గంటలైన దనువాఁడు పలకమీఁది దెబ్బలను లెక్కించుచున్నాఁడు.

పేరొక్కటియే యైనను ఈ రెండు సాధనములకును స్వభావభేదము గలదు. కుడుక నిండుటచేత కాలమును కొలుచును; గడియారము ఆఁగుటచేత కొలుచును. ఈ భేదమును గమనింపనందువలన మనలో రెండు వాదములు ప్రబలినవి. పూర్వులు యంత్రములన్నియు నెఱుఁగుదురని కొందఱు. వారికి పంచాంగగణితమే తప్ప యంత్రజ్ఞానము లేదని మఱికొందఱు. గ్రంథములను పరిశీలించినచో రెండును నిలువవు. గడియారమునకు వలసిన సంఖ్యలన్నియు మన సిద్ధాంతములలో సిద్ధముగా నున్నవి. లేనిది ఒక్క కొక్కెము. ఆ కొక్కెమేమో, అది లేకపోవుటచేత నేమి జరిగినదో విచారించుట ప్రస్తుతాంశము.

కాలమానమును ముందుగాఁ జూడవలయును. సూర్యసిద్ధాంతమున మూర్తకాలము ప్రాణముతో మొదలగును. ఆఱు ప్రాణములు ఒక విఘటిక. అఱువది విఘటికలు ఒక ఘటిక. అఱువది ఘటికలు ఒక నాక్షత్రాహోరాత్రము. ప్రాణము పది గుర్వక్షరముల యుచ్చారణకాలమని జ్యౌతిషికుల నిర్ణయము. వ్యవహారమునందలి సావనదినమునకును ఈ విభాగమే చెల్లును. నేఁటి లెక్కకు మార్చినచో ఘటిక 24 నిమిషములు. విఘటిక 24 సెకండ్లు. ప్రాణము 4 సెకండ్లు. గుర్వక్షరము సెకండులో పదింట నాలుగు పాళ్లు. ఏడున్నర గడియలు ఒక జాము. ఎనిమిది జాములు ఒక దినము. ఛందస్సున గణములను కొలుచు గురువే ఇచట కాలమును కొలుచుచున్నది. పద్యమును చదువు నోటికి దినమును భాగించు గణితమునకు నిట్లు చుట్టఱికము గలిగినది.

ఇంత సూక్ష్మముగా భాగించిన కాలమును కొలిచిన సాధనమో, మిక్కిలి సరళమైనది. అడుగున సన్నని రంధ్రముగల తామ్రపాత్రను స్వచ్ఛమైన నీటిపై నుంచినచో అహోరాత్రమున అఱువదిమాఱులు మునుఁగునని సూర్యసిద్ధాంతము చెప్పును. ఇదియే కపాలయంత్రము; తెలుఁగున గడియకుడుక. క్రీ. శ. 8వ శతాబ్దివాఁడగు లల్లుఁడు దీనికి పరిమాణములను గూడ నిచ్చెను: పది పలముల రాగి, ఆఱంగుళముల యెత్తు, పండ్రెండంగుళముల మూఁతి; మూఁడుమాషలును మాషలో మూఁడవవంతును తూఁగు బంగారముతో నాలుగంగుళముల పొడవున సాగఁదీసిన సూది పట్టునంత రంధ్రము. వినుటకు నిర్దుష్టముగానున్న ఈ కొలఁతలతో కంచరి యెవఁడైన కుడుకను చేసినచో అది సరిగా 24 నిమిషములకు మునుఁగునని నమ్మరాదు. పాత్ర యొక్క వంపు, రంధ్రపు టంచు, నీటి శీతోష్ణములు ఏ కొంచెము మాఱినను కాలము మాఱును.

ఈ సంగతిని స్పష్టముగా గుర్తించినవాఁడు భాస్కరాచార్యుఁడు. 1150లో రచించిన సిద్ధాంతశిరోమణియందు అతఁడు పది పలముల లక్షణమును ఆదరింపలేదు. అది యుక్తిశూన్యమనియు దుర్ఘటమనియు అతని యభిప్రాయము. అర్ధఘటాకారమైన రాగిపాత్ర యెట్టిదైనను సరియే. అది యొక యహోరాత్రమున నెన్నిసార్లు మునిఁగెనో లెక్కించి, ఆ సంఖ్యచేత అహోరాత్రమును భాగించినచో ఆ పాత్రయొక్క మానము లభించును. దీని మహత్త్వమును తక్కువగా నెంచరాదు. యంత్రమును గ్రంథములోని కొలఁతలనుబట్టి నమ్మక, ఆకాశముతో పోల్చి దాని నడకను నిర్ణయించుట యిందలి సూత్రము. నేఁడు గడియారమును చేయువాఁడెవఁడైనను తుదకు చేయు పనియు నిదియే.

కుడుకకు ఇంకొక గుణము గలదు. అది నీటిని వ్యయపఱుపదు. తొట్టిలోని నీరు పాత్రలోనికి వచ్చి మఱల తొట్టికే పోవును. వార్షికవర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమేయైన అనంతపురపు మెట్టసీమకు ఇట్టి సాధనము తగియున్నది. దాని కొఱత వేఱుచోట నున్నది: అది తనంతట తాను నడువదు. మునిఁగిన ప్రతిసారియు దానిని పైకిఁదీసి, నీరు పాఱఁబోసి, మఱల నీటిమీఁద నుంచుటకు మేల్కొనియున్న మనుష్యుఁడు కావలయును. 16వ శతాబ్ది తొలిభాగమున బాబరు తన స్మృతిగ్రంథమున ఈ దేశపు ఘడియాలీలను వర్ణించుచు, వారు రాత్రింబవళ్లు కాచియుండి పలకను మ్రోయించు పద్ధతిని వ్రాసెను. పెండ్లిముహూర్తమునకు కుడుకనుంచినచోటను ఒకఁడు కన్నార్పక కూర్చుండవలసినదే. కావలివాని కునుకే ముహూర్తమునకు దోషము.

కావలివాఁడు లేకయే తిరుగు యంత్రమును గూర్చిన యాలోచన మనవారికి లేకపోలేదు. ఆర్యభటుఁడు 499 నాఁటి గ్రంథమున పాదరసము, తైలము, జలము అనువాని సాయమున కాలసమముగాఁ దిరుగు దారుగోళమును సూచించెను. బ్రహ్మగుప్తుఁడు 628లో, బోలుగానున్న ఆకులలో సగమువఱకు పాదరసమును నింపి మూఁతివేసిన చక్రము తనంతట తాను తిరుగునని వ్రాసెను. భాస్కరుఁడును పాదరసచక్రమును వర్ణించెను. కుక్కుటనాడిచేత, అనఁగా వంకరగొట్టముద్వారా పైకెక్కి దిగు నీటిచేత తిరుగు చక్రమును గూడఁ జెప్పి, బయటినుండి నీరు పోయవలసినందున అది సాపేక్షమనియు, కావున గ్రామ్యమనియు త్రోసివేసెను.

ఇచటనే చరిత్రము మలుపు తిరుగవలసియుండెను; తిరుగలేదు. నిరపేక్షమైన పాదరసచక్రము లోకమున తిరుగదు. ఒకవైపు పాదరసము ఇరుసునకు దూరముగాఁ బోయినను, రెండవవైపున నుండు పాళ్ల మొత్తము దానికి సరితూఁగుటచేత చక్రము నిలిచిపోవును. భాస్కరుఁడు గ్రామ్యమని విడిచినదే నిజముగాఁ దిరుగునది. ఏలయన, బయటి బలము లేక యే యంత్రమును పనిచేయదు. అంతకన్న ముఖ్యమైన విషయము మఱియొకటి గలదు. చక్రము తిరిగినంతమాత్రమున గడియారము కాదు. బరువును కట్టి విడిచిన చక్రము మొదట మెల్లగాను, పిదప వేగముగాను తిరిగి క్షణములో పరుగు ముగించును. పరుగు కాలమును కొలువదు. మనవారు త్రిప్పు బలమును వెదకిరి; వెదకవలసినది ఆ బలమునకు కళ్లెము.

ఆ కళ్లెము ఇతరదేశములందు దొరకినది. చీనాదేశమున 11వ శతాబ్ది చివర సు సుంగ్ అను నధికారి నిర్మించిన మహాయంత్రమున నీటిచక్రపు తొట్టె యొకటి నిండువఱకు చక్రము కదలకుండ మీటలు ఆఁపి, నిండినపిదప ఒక్క యడుగు మాత్రము పోనిచ్చి మఱల ఆఁపెడివి. ఐరోపాఖండమున 13వ శతాబ్ది చివరిభాగమున బరువుతో నడుచు గడియారములు పుట్టినవి. వానిలో రంపపుఁబండ్లవంటి పండ్లుగల చక్రమును అడ్డకఱ్ఱతోఁ గూడిన ఇరుసు ఒక్కొక్క పన్నువద్ద ఆఁపి విడుచుచుండెను. ఇవి దినమునకు సుమారు పావుగంట తప్పుచుండినను, కావలివాని యక్కఱ తీఱినది.

ఈ యడ్డకఱ్ఱకు తనదైన తూఁగు లేదు. దాని వేగము త్రోయు బలమునుబట్టి మాఱుచుండెను. లోలకమునకో తనదైన కాలము గలదు. గెలిలియో 1583 ప్రాంతమున, వైద్యము చదువు విద్యార్థిగా నున్నపుడు, పీసానగరపు దేవాలయమున నూఁగు దీపమును తన నాడిచేత కొలిచి ఈ ధర్మమును కనుఁగొనెనని అతని శిష్యుఁడు వివియాని వ్రాసెను. ఈ కథను చరిత్రకారులు పూర్ణముగా నమ్మరు. కాని గెలిలియో లోలకమును గూర్చి చేసిన పరిశోధనలు నిస్సంశయములు. కన్నులు పోయిన వార్ధక్యమున, 1641లో అతఁడు లోలకముతో గడియారమును నడుపు విధమును కొడుకునకుఁ జెప్పి చిత్రింపించెను, అది పూర్తికాలేదు. 1656లో హైగెన్సు అను డచ్చి పండితుఁడు దానిని సాధించెను. దినమునకు పావుగంట యుండిన తప్పు పావునిమిషమునకు దిగినది. 1670 ప్రాంతమున లంగరు ఆకారముగల కొక్కెము వెలసినది. లోలకము కుడికి ఊఁగినపుడు కొక్కెపు ఒక కొన పన్నును విడుచును. వెంటనే రెండవ కొన మఱియొక పన్నును పట్టును. విడుచునపుడు పన్ను కొక్కెమును కొంచెము త్రోయును. ఆ చిన్నత్రోపే లోలకమునకు ఆహారము. ఇట్లు లోలకము చక్రమును ఆఁపుచు, చక్రము లోలకమును పోషించుచు నుండును. గడియారమున విన వచ్చు టిక్కుటిక్కుధ్వని చక్రము నడచిన చప్పుడు కాదు, ఆఁగిన చప్పుడు.

ఆంధ్రదేశమునకు ఈ విద్య మదరాసు నక్షత్రశాలద్వారా సమీపించినది. 1792లో నుంగంబాకమున నా శాల కట్టఁబడినపుడు దూరదర్శినిని నిలుపుటకై నాటిన రాతిస్తంభముపై ఇతరభాషలతోపాటు తెలుఁగునను శాసనమును చెక్కించిరి. షెల్టను అను లండను శిల్పి చేసిన లోలకపు గడియారము ఆ శాలయందుండి, పిదప కొడైకనాలు నక్షత్రశాలకు చేరినది. ఆ మదరాసులో టెయిలరు అను జ్యోతిశ్శాస్త్రజ్ఞునివద్ద విద్యార్థియై శిక్షణ పొందినవాఁడు విశాఖపట్టణపు జమీందారగు గోడే వెంకట జగ్గారావు (1817-1856). అతఁడు స్వస్థలమునకు మరలి 1840లో సొంత నక్షత్రశాలను స్థాపించెను. అతని యల్లుఁడు అంకితము వెంకట నర్సింగరావు దానిని పోషించి, 1874 డిసెంబరు 9న శుక్రుఁడు సూర్యబింబమును దాఁటుటను పరిశీలించెను. అట్టి పరిశీలనమున గ్రహము బింబపుటంచును తాఁకిన సెకండే ఫలము. గడియారము తప్పినచో దూరదర్శిని వ్యర్థము.

పట్టణములందు గడియారము బహిరంగముగా నిలిచినది తరువాత. చార్మినారు నాలుగు ముఖములకును 1889లో గడియారములు అమర్పఁబడినవి. సికిందరాబాదు గడియారస్తంభము 1897లో ప్రారంభింపఁబడెను. అనంతపురమునందలి గడియారస్తంభము 1947 నాఁటి స్వాతంత్ర్యమునకు జ్ఞాపకచిహ్నము. హైదరాబాదు సాలార్‌జంగు ప్రదర్శనశాలలో గంటగంటకు బొమ్మ వెలువడి పలకను కొట్టు గడియారమును చూడ జనులు నేఁటికిని గుమిగూడుదురు. ఆ బొమ్మ పూర్వపు కావలివాఁడే, నిద్రలేని కావలివాఁడు. ఇట్లు గడియారమును చూచుట మనకు నలవాటైనది. దాని కొక్కెమును విచారించుట యంతగా నలవడలేదు.

కావున నేఁడొక విద్యార్థి యంత్రగడియారమును కల్పించి నిర్మింప నెంచినచో అతఁడు చేయవలసిన విచార మెట్టిదో చూతము. దీనికి స్థలముగా చిత్రావతీతీరమునందలి పుట్టపర్తిని గ్రహింపవచ్చును. ఒకప్పుడు అనంతపురమండలమునఁ జేరియుండిన ఈ యూరు 2022 నుండి శ్రీ సత్యసాయి మండలమునకు ముఖ్యస్థానము. ఉత్తరాక్షాంశము సుమారు 14 భాగల 10 కలలు; తూర్పురేఖాంశము 77 భాగల 49 కలలు. స్థలమును చెప్పుట అలంకారమునకు కాదు. లోలకము స్థలము నెఱుఁగును. 1672లో రిషే అను ఫ్రెంచి జ్యోతిషికుఁడు పారిసునుండి దక్షిణామెరికాయందలి కయెనుకు గడియారమును తీసికొనిపోఁగా అది దినమునకు రెండున్నర నిమిషములు వెనుకఁబడినది. భూమధ్యరేఖకు చేరువలో గురుత్వాకర్షణము తక్కువ యగుటయే కారణము. లండనున సెకండున కొక్క ఊఁపు ఊఁగు లోలకము పొడవు 99.4 సెంటీమీటర్లు; పుట్టపర్తిలో 99.1 చాలును. లండను లోలకమును మార్పక ఇచట వ్రేలాడఁదీసినచో దినమునకు రెండు నిమిషములకుపైగా నష్టపడును. ఈ మండలములకు ఈ విద్య క్రొత్తదియుఁ గాదు. 1865 మొదలు 1871 వఱకు బేసివి అను సర్వేయధికారి భారతదేశమున లోలకములతో ఆకర్షణమును కొలిచిన స్థలములలో గుత్తిసమీపమునందలి నామథాబాదు ఒకటి, కాకినాడ యొకటి.

విద్యార్థి అంగళ్లలోని గడియారమును అనుకరించినచో సెకండు లోలకమునకు ముప్పది పండ్ల చక్రమును కొక్కెముక్రింద నుంచును. ఒక్కొక్క పన్ను రెండూఁపులకు జాఱును గనుక ఆ చక్రము నిమిషమున కొకసారి తిరుగును. ఇది ప్రసిద్ధమే. కాని మన మానమునే యంత్రమున కెక్కించినచో నేమగును? లోలకపు టూఁపు గుర్వక్షరమునకు సరిపోవునట్లు, అనఁగా 0.4 సెకండుగా నేర్పఱచిన, దాని పొడవు పుట్టపర్తిలో సుమారు 15.9 సెంటీమీటర్లు. ముప్పదిపండ్ల చక్రము అఱువది గుర్వక్షరములకు, అనఁగా సరిగా ఒక విఘడియకు, ఒకసారి తిరుగును. ఎనిమిదిపండ్ల చిన్నచక్రముతో అఱువదిపండ్ల చక్రమును గూర్చిన వేగము ఏడున్నరవవంతగును. మఱల ఎనిమిదిపండ్ల చక్రముతో అఱువదినాలుగు పండ్ల చక్రమును గూర్చిన అందు ఎనిమిదవవంతగును. ఏడున్నర యెనిమిదిచే గుణింప అఱువది. కావున ఇచట తిరుగునది గడియచక్రము. ఇదే జంటల వరుసను మఱల నుంచిన మొదటిజంటచేత తిరుగునది ఏడున్నర గడియల కొకసారి, అనఁగా జామున కొకసారి. రెండవజంటచేత తిరుగునది ఎనిమిది జాముల కొకసారి, అనఁగా దినమున కొకసారి. జామును వేఱుగా తెచ్చిపెట్టవలసిన పని లేదు. పండ్ల లెక్కలో నది తనంతట వచ్చుచున్నది. బరువును జాముచక్రపు ఇరుసునకు కట్టి, తాడుచుట్టు దిమ్మె చుట్టుకొలత 15 సెంటీమీటర్లుగా నుంచిన, బరువు దినమునకు 120 సెంటీమీటర్లు దిగును. ఉదయమున నొకసారి పైకి లాగినఁ జాలును.

ఇందలి కష్టమును దాఁచరాదు. పొట్టిలోలకము సున్నితమైనది. దాని పొడవున నొక్క మిల్లీమీటరు తప్పిన దినమునకు నాలుగున్నర నిమిషములు తప్పును; సెకండు లోలకమున అదే తప్పు ముక్కాలు నిమిషమును మించదు. కావున గుండుక్రింద మరచుట్టు నుంచి రాత్రింబవళ్లు సరిచూచుచు దిద్దుకొనవలయును. రెండవది ఎండ. ఇత్తడికమ్మితోఁ జేసిన లోలకము పది సెంటీగ్రేడు డిగ్రీల వేఁడిమి హెచ్చిన దినమునకు ఎనిమిది సెకండ్లు వెనుకఁబడును, ఉక్కైన అయిదు, బాగుగా నెండిన టేకుబద్దయైన రెండింటికి లోపు. వేసవియెండలు తీవ్రములైన ఈ సీమకు టేకు మేలు. వానకాలపు చెమ్మ పట్టకుండ దానికి లక్క పూయవలయును. మూఁడవది దుమ్ము. మెట్టనేల గాలిలోని ధూళి నూనెతోఁ గలసి ఇరుసులకు సానఱాయి యగును. కావున గాజుతలుపుల పెట్టె అలంకారము కాదు, అవయవము.

తుదకు యంత్రమును దేనితో సరిచూచుట? భాస్కరుని యుపదేశము ప్రకారము ఆకాశముతోనే. కాని శంకుచ్ఛాయ మధ్యాహ్నమును చూపినపుడు చేతిగడియారము పండ్రెండును చూపదు. 1906 మొదలు భారతదేశపు ప్రమాణకాలము 82½ భాగల రేఖనుబట్టి నడుచుచున్నది. ఆంధ్రదేశమున ఆ రేఖ తునిప్రాంతమునఁ బోవును. పుట్టపర్తి దానికి పడమట 4 భాగల 41 కలల దూరమున నుండుటచేత స్థానికమధ్యమకాలము 18 నిమిషముల 44 సెకండ్లు వెనుకఁబడియుండును. దీనికి భుజాంతర, ఉదయాంతరసంస్కారములు తోడగును. అందుచేత ఇచట సూర్యుఁడు నడినెత్తికి వచ్చుట నవంబరు మొదట సుమారు 12 గంటల 2 నిమిషములకు, ఫిబ్రవరి నడుమ 12 గంటల 33 నిమిషములకు. ఉజ్జయినీరేఖనుండి లెక్కించు పంచాంగకర్తకు ఈ యూరి దేశాంతరము ఇరువది విఘడియలకు కొంచెము మించును. పండితునకు కంఠస్థమైన సంస్కారములు లేక విద్యార్థి గడియారము సరిపడదు. విద్యార్థి గడియారము లేక ఆ సంస్కారములు పుస్తకమును దాఁటవు.

ఈ పరిశీలనవలన తేలున దేమి? పూర్వులు కాలమును గుర్వక్షరమువఱకు భాగించిరి. యంత్రమును ఆకాశముతో దిద్దవలయునని బోధించిరి. స్వయముగా నడుచు చక్రమునకై ఆశించిరి. నడకకు నిలుకడ నిచ్చు కొక్కెమును మాత్రము కనుఁగొనలేదు. ఇది చెప్పుటచే వారి గౌరవమునకు లోపము లేదు. చెప్పకుండుటచే నేఁటి విద్యార్థికి నష్టము గలదు. వారి గ్రంథములలో నన్నియు నున్నవని నమ్మినవాఁడు పాదరసచక్రమును చేసి భంగపడును. ఏమియు లేవని నమ్మినవాఁడు జాముచక్రమును కనుఁగొనలేఁడు. యంత్రాధ్యాయమున పలుయంత్రములను వర్ణించిన భాస్కరుఁడు వానియన్నిఁటికంటె ధీయంత్రమే శ్రేష్ఠమని నిర్ణయించెను. ఆ ధీయంత్రము పండితుని తాళపత్రములకును కమ్మరి ఆకురాయికిని నడుమ ఏకాకిగా నిలిచియున్నది. పాఠశాలలందు కాలమానమును వల్లింపించు ఉపాధ్యాయులు ఆ శ్లోకముల ప్రక్కనే యొక ముప్పదిపండ్ల చక్రమును, ఒక కొక్కెమును, పదునాఱు సెంటీమీటర్ల బద్దను బాలుర చేతికిచ్చినచో, గడియారమను మాటకు కుండనాఁడు కలిగిన యర్థము వలెనే యంత్రమునాఁటి యర్థమును మన భాషకు సొంతమగును.